రెండో గోరు

ఆగస్టు 28

రోజూ చెప్పమని, మమ్మల్ని ఈ మంచు దీవికి పంపిన బోర్డు వాళ్లు అడిగింది ఎలుకల సంగతి. ఎన్ని ఈనాయి, ఎన్ని చచ్చాయి, గడ్డి ఎంత మేశాయి. అదంతా మాటల పెట్టెలో చెప్పి పంపుతున్నాను. ఇది వేరు. ఇది మన తెలుగులో, ఈ ఒడ్డున పుట్టబోయే మన పిల్లల కోసం. వాళ్లు ఉప్పు మడి ఎరగరు, తాటి ముంజె ఎరగరు. తమ తాతలు ఎలుకల్ని సాకి ఈ నేల సంపాదించారో పోగొట్టుకున్నారో, అదన్నా తెలియాలి.

నా పేరు జక్కయ్య. సముద్రం మింగిన నెల్లూరు ఒడ్డున ఉప్పు మడుల్లో పార పట్టినవాణ్ని. ఏ బైబిలు స్కూలు గడపా తొక్కలేదు, నా తల మీద ఏ బిషప్పూ చెయ్యి పెట్టలేదు. మూడో తరగతి అక్షరాలతో లేఖనాన్ని గీరి గీరి చదువుకుని ఈ సంఘానికి బోధిస్తున్నాను. మండే పొదకు ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారు?

ఈ రోజంతా గడ్డి కోత. ఇక్కడి గడ్డి మోకాటి దాకా కూడా లేవదు. బోర్డు పంపిన మిషను దాన్ని పట్టుకోలేదు. కొడవళ్లే గతి. బూట్లలో నీళ్లు, నడుముల్లో నొప్పి. కోసిన మోపులు ఓడలోకి మోశాం.

మా ఇల్లు బోర్లించిన ఓడ. మమ్మల్ని తెచ్చినదాన్నే ఒడ్డుకు లాగి తిరగేసి నలభై కుటుంబాలకు కప్పు చేశారు. కిటికీలు లేవు. పైన, ఒకప్పటి ఓడ అడుగు పొడవునా దీపాల వరస. అవే వెలుగు, చలికి అవే పొయ్యి. నేలలో పాతిన వేడి పెట్టె మా మనవల కాలం దాకా కరెంటు ఇస్తుందట. ఓడ మధ్యలో ప్రార్థన స్థలం, అటూ ఇటూ తడికల గదులు, గోడ వెంట ఎలుకల అరలు.

బోర్డు వాళ్ల మాటలో దాని పేరు లెమ్మింగ్. మేము మంచెలుక అంటాం. పిడికెడు ఒళ్లు, తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఒకప్పుడు ఈ దీవి నిండా ఇవేనట. తర్వాత చలికాలంలో మంచు మీద వాన కురవడం మొదలైంది. ఆ వాన గడ్డి మీద గాజు పలకలా గడ్డకట్టింది. కింద ఎలుకలు ఆకలితో చచ్చాయి. ఎలుకలు పోతే నక్కలు బాతుగుడ్ల మీద పడ్డాయి, పక్షులు దీవిని విడిచిపెట్టాయి. ఒక్క చిన్న ప్రాణి పోతే సృష్టిలో గోడలు ఎలా కూలుతాయో చూడండి. ఎక్కడో శీతల గిడ్డంగిలో దాచిన కణాల్లోంచి బోర్డు వాళ్లు మళ్లీ వీటిని పుట్టించి, మా చేతికిచ్చారు.

ఒప్పందం చిన్నది. ఈ చలికాలం ఎలుకల్ని మంచులోకి వదలాలి. వచ్చే ఎండాకాలం మంచు కరిగాక బోర్డు వాళ్లు వచ్చి నేల వెతుకుతారు. మంచు కింద అవి అల్లుకున్న గడ్డి గూళ్లు కనబడితే దీవి మాది. లేకపోతే మళ్లీ తేలే శిబిరానికి.

తేలే శిబిరం గురించి ఒక్కసారే రాస్తాను. ఇనప తెప్ప. దాని కడుపులో మేము, దీపం లేకుండా. నా మార్తమ్మ జ్వరంతో అక్కడ పోయింది. ఆమె చెయ్యి పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. ఆ చీకట్లో ఆమె ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు తెలియలేదు. చల్లబడిన చేతికి ఎంతసేపు కబుర్లు చెప్పానో దేవుడికే ఎరుక.

అందుకే ఈ ఓడలో మొదటిసారి దీపాలు వెలిగిన రోజు అందరి ముందు మొక్కుకున్నాను. గుడారంలో దీపం నిత్యం వెలగాలని దేవుడు అహరోనుకు ఆజ్ఞాపించాడు. ఈ ఇంట్లోనూ ఆరదు అన్నాను. అందరూ చేతులెత్తారు. నాలుగేళ్లుగా ఆ స్విచ్చిని ఎవరూ తాకలేదు.

సెప్టెంబరు 11

అరల బాధ్యత మా వదిన దీనమ్మది. మా అన్న పోయిన తర్వాత ఆమె నోటికి ఎదురు లేదు. ఎలుకలకూ అదే నోరు. ఇవి మన పొలం ఎలుకల్లా పారిపోవు. చెయ్యి పెడితే వెనక్కాళ్ల మీద లేచి, పళ్లు చూపించి, కీచుమని తిడతాయి. నక్క వచ్చినా ఇంతేనట. రెండింటిని ఒక గూట్లో ఉంచితే తెల్లారేసరికి ఒకటే మిగులుతుంది. అందుకే దేని గూడు దానిదే.

"మన సంఘం మాదిరే," అంది వదిన, వేలికి గుడ్డ చుట్టుకుంటూ. "ఒక్క తడిక తీసేస్తే సాలు."

ఆదివారం వీటి మీదే ప్రసంగించాను. ఈ ప్రాణి శీతాకాలం నిద్రపోదు. కొట్లో ఏమీ దాచుకోదు. పైన తుఫాను అరుస్తుంటే కింద మంచులో సొరంగం తవ్వుకుని, గడ్డితో బంతిలాంటి గూడల్లి, తన వెంట్రుకలే పీకి పిల్లలకు పరుపు వేస్తుంది. దొడ్డికి వేరే గది పెట్టుకుంటుంది. సోమరులారా, చీమ దగ్గరికి అక్కర్లేదు, ఆ అర దగ్గరికి వెళ్లి బుద్ధి తెచ్చుకోండి అన్నాను. ఆమెన్ అన్నారు.

ప్రార్థన అయ్యాక వదిన నా కండువా పట్టుకుని లాగింది.

"ఇంత తెలిసినోడివి, అవి ఎందుకు పిల్లల్ని తింటుండాయో జెప్పు."

"ఏ తల్లి?"

"మూడు తల్లులు. పైవరసవి. దీపం కిందవి. వాటికి కునుకు లేదు జక్కయ్యా. పొద్దులేదు, మాపులేదు. వగరుస్తుండాయి."

"నిద్రపోనక్కర్లేని ప్రాణి అని ఇప్పుడే గదా చెప్పాను."

"శీతాకాలమంతా పడుకోదన్నావు. అసలు కన్నే మూయదని నీ పుస్తకంలో ఉండాదా?"

గుడ్డ కప్పి చూడమన్నాను. కప్పింది. వేడికి గుడ్డ కింద రెండు ఉడికి చచ్చాయి. మిగిలినవి ఆ గుడ్డనే కొరికి పరుపు చేసుకున్నాయి.

సెప్టెంబరు 30

మొదటి మంచు నిలిచింది. బయట సూర్యుడు రోజురోజుకూ పొట్టివాడవుతున్నాడు, పని కాగానే మొహం చాటేసే కూలీ మేస్త్రీలా.

మాటల పెట్టె ఈ రోజు పలికింది. అవతల మనిషి ఏ దేశం వాడో తెలియదు. పెట్టె అతని మాటను తెలుగు చేసి చెబుతుంది. ఆ తెలుగు మా తాతల కాలం రాజపత్రంలా ఉంటుంది. "మంచు మోకాలి లోతు చేరిన పిమ్మట జంతువులను విడిచిపెట్టవలెను. శీతాకాలపు రూపము దాల్చినవా?" అని అడిగింది.

శీతాకాలపు రూపమంటే ఏమిటో నాకు తెలియదు. బొద్దుగా ఉన్నాయి, ఆరోగ్యంగా ఉన్నాయి అన్నాను. "సంతోషము" అంది పెట్టె.

నాకూ సంతోషమే. అరలన్నీ నిండుగా ఉన్నాయి. తాటిబెల్లం రంగు ఒళ్లు, వీపు మీద నల్లగీత. ఐగుప్తులో ఇశ్రాయేలు పిల్లల్లా విస్తరించాయి.

అక్టోబరు 7

ఈ రోజు ఓడలో అలజడి.

ఎండాకాలంలో ఒక మగ ఎలుక గూడు కొరుక్కుని పారిపోయింది. ఓడ ముక్కులో పాత తాళ్లు పడేసిన చీకటి గది ఉంది. దీపం లేదు, ఇనప రేకు చీలిక గుండా బయటి వెలుతురు ఒక గీత పడుతుంది. అది ఆ గదిలోనే దాక్కుని, చిరిగిన గడ్డి మోపులు తింటూ బతికిందట. వదిన ఈ ఉదయం దాన్ని పట్టి తట్టలో వేసి తెచ్చింది.

"ఇడుగో యోనా," అంది. "నీ ప్రసంగం నించి పారిపోయి చేప కడుపులో దాక్కున్నాడు."

తెల్లగా ఉంది. చెవి నుంచి పాదం దాకా, వెల్లవేసినట్టు. ముందుకాళ్లు ఎత్తి తిడుతుంటే చూశాను. ఒక్కో పాదానికి మధ్య గోళ్లు రెండూ ఉబ్బి, కింద మరో గోరు మొలిచి, పలుగు మొనలా చీలి ఉన్నాయి.

మిర్యాము గుర్తొచ్చింది, గేహజీ గుర్తొచ్చాడు. లేఖనంలో కుష్ఠు పుట్టి మంచులా తెల్లబడిన వాళ్లు. వేళ్లు వాచి చీలడం మా ఊళ్లో నా కళ్లతో చూశాను.

"దూరంగా పెట్టు వదినా. అది రోగం."

"రోగమా? ఈడి మాదిరి కండపట్టినోడు ఒక్కడు ఉండాడా నీ అరల్లో? చీకట్లో ఉన్నాడు గాబట్టి చలి వస్తుండాదని ఈడికి తెలిసింది. అరల్లో వాటికి తెలీలా. ఎట్టా తెలుస్తాది? వాటికి ఎప్పుడూ వైశాఖమేనాయె."

"అయితే?"

"దీపం తియ్యి. సూర్యుడు ఎంతసేపు ఉంటే అంతసేపే వెయ్యి. ఆయన లేస్తే లేపు, ఆయన పండుకుంటే పండుకోబెట్టు. ఏమంత పెద్ద మాట అడిగాను?"

మా మేనల్లుడు తీతు కరెంటు పని చూస్తాడు. నలభై దాటినా గడ్డం నెరిసినా వాడికి పెళ్లి కాలేదు, వేళాకోళం తగ్గలేదు. "ఒక్క స్విచ్చే మామా," అన్నాడు. "దేవుడు చూసేలోపు తీసి మళ్లీ వేస్తా."

అప్పటికే జనం చేరారు. ఎస్తేరు, చంకలో ఈ దీవిలో పుట్టిన బిడ్డతో, "చీకటా? మళ్లీ చీకట్లోనా అయ్యగారూ?" అంది. ఆమె తల్లి కూడా తెప్ప కడుపులోనే పోయింది. అందరి మొహాలూ నావైపు తిరిగాయి. నా లోపల అగ్ని లేచింది. బెంచీ ఎక్కాను.

మీరు వెలుగు సంబంధులు, చీకటి మీకు తండ్రి ఇల్లు కాదు అన్నాను. నాలుగేళ్ల కింద ఎత్తిన చేతుల్ని ఒక ఎలుక కోసం దించుతారా అన్నాను. పరలోక పట్టణంలో రాత్రి ఉండదని రాసి ఉంది, ఆ రాత్రి లేని పట్టణానికి ఈ ఓడ వాకిలి అన్నాను. నా గొంతు ఇనప గోడలకు తగిలి నాకే తిరిగి వచ్చింది. ఏడ్చారు. ఆమెన్ అన్నారు.

పెట్టెలో కూడా అడిగాను. ఒకదానికి కుష్ఠు సోకింది, ఏం చెయ్యాలని. చాలాసేపు గరగరమని, "వ్యాధిగ్రస్తమును వేరు చేయవలెను" అంది. దీపం సంగతి అది అడగలేదు, నేను చెప్పలేదు.

లేఖనం ప్రకారం దాన్ని పాళెం వెలుపలికి, ఓడకు దూరంగా, నేనే తీసుకెళ్లాను. తట్ట వంచాను. మంచు మీద పడిందో లేదో, ఆ పలుగు గోళ్లతో రెండు పెట్లు పెట్టి లోపలికి పోయింది. రంధ్రం దానంతటదే పూడింది. శాపం తొలిగిందని మోకరించాను.

వెనక్కి తిరిగితే వదిన వాకిట్లో నిలబడి ఉంది. నా చేతిలోని ఖాళీ తట్ట లాక్కుని లోపలికి పోయింది.

అక్టోబరు 24

పొద్దున పాటలు పాడుకుంటూ గంపలు ఎత్తాం. మంచు మోకాలి లోతు. గాలి కొట్టి కొట్టి పైపొర మట్టినేలలా బిగిసింది. సూర్యుడు కొండ అంచున కాసేపు కూర్చుని ఉన్నాడు. కడుపుతో ఉన్న తల్లుల్ని వదిన ఇవ్వనంది. రెండు అరల ముందు చాప వేసుకుని కూర్చుంది. ఒకటి రెండు సార్లు గద్దించి వదిలేశాను. మిగిలినవన్నీ తీసుకెళ్లాం.

వాగు వంపులో గంపలు వంచాం. "ఫలించి అభివృద్ధి చెందండి" అని చేతులు చాపాను.

అవి కదల్లేదు.

తెల్లటి నేల మీద బెల్లం ముద్దలు పోసినట్టున్నాయి. కొన్ని గీకాయి. వేసవి గోళ్లు, గోరింటాకు పెట్టిన చంటిబిడ్డ గోళ్లలా చిన్నవి. మంచు మీద గీతలు పడ్డాయి తప్ప గుంట పడలేదు. గీకి గీకి కొన్నింటి వేళ్లు నెత్తురయ్యాయి. అప్పుడవి వాటి అలవాటు ప్రకారం వెనక్కాళ్ల మీద లేచి, మావైపు తిరిగి, తిట్టడం మొదలుపెట్టాయి. వందల గొంతులు. పారిపోవడం ఎరగని ప్రాణులు. పోసిన చోటే నిలబడి మమ్మల్ని తిట్టాయి.

"మామా," అన్నాడు తీతు. వాడి గొంతులో వేళాకోళం లేదు. "గంపల్లోకి ఎత్తుదామా?"

ఆగు అన్నాను. విశ్వాసం ఉంచు అన్నాను. ఆ మాటకు లెక్క ఒప్పజెప్పాలి నేను.

నక్కలు వచ్చాయి. పక్కటెముకలు బయటపడిన నక్కలు, ఈ దీవిలో ఇంకా మిగిలి ఉన్నాయని మాకే తెలియదు. వాటికి వెతుక్కునే పని లేకపోయింది. మైలు దూరానికి కనపడే విందు. మొదటి నక్క వచ్చినప్పుడు ఒక ఎలుక దాని మూతి మీదికి ఎగిరి కరిచింది. దాని ధైర్యం అంతవరకే పనికొచ్చింది.

అప్పుడు పరుగెత్తాం. ఆడవాళ్లు చీర కొంగుల్లోకి, కోట్లలోకి ఎత్తారు. ఎత్తిన ప్రతి చేతినీ అవి కరిచాయి. చేతుల నిండా రక్తంతో, కోట్లలో కొద్దిపాటి ప్రాణాలతో ఓడకు చేరాం. దారిలో ఎవరూ పాడలేదు.

లోపల దీపాలు వెలుగుతున్నాయి. ఎంత వెలుగంటే మా చేతుల మీది నెత్తురులో ఒక్క చుక్క కూడా దాగలేదు.

అక్టోబరు 25

లేఖనం తెరిచాను. నాకు కావలసిన మాట దొరికేదాకా పేజీలు తిప్పే అలవాటు నాది. ఈ రోజు తిప్పలేదు. తెరుచుకున్న చోటే చదివాను. జనమంతా కొండకు దూరంగా నిలబడ్డారు; మోషే ఒక్కడే చీకటి దగ్గరికి నడిచాడు, ఎందుకంటే దేవుడు ఆ గాఢాంధకారంలో ఉన్నాడు. ఇది ఎన్నిసార్లు చదివానో. ఒక్కసారీ ప్రసంగించలేదు. సృష్టిలో మొదటి రోజు లెక్క కూడా అస్తమయంతోనే మొదలైందని రాసి ఉంది. దాన్నీ దాటేశాను.

వదిన దగ్గరికి వెళ్లాను. చాప మీదే ఉంది. దెప్పుతుందని సిద్ధపడ్డాను.

"తల్లులు ఉండాయి," అంది. "మీరు తెచ్చినవి ఉండాయి. కొత్త ఈత వస్తాది. చీకటి ఇస్తావా, ఇయ్యవా? అది జెప్పు."

"తాళ్ల గదిలో పెడితే?"

"అరలు పడతాయా అందులో? కలిపి వదిలితే కొరుక్కుని చస్తాయి. బయట పెడితే నక్క. ఇంకో దోవ ఉంటే నిన్ను అడుగుతానా నేను?"

సాయంత్రం అందర్నీ పిలిచాను. మొక్కు నాది, పాపం నాది, మీ చేతులు మీకు తిరిగి ఇస్తున్నాను అన్నాను. తెప్పలో చీకటి మనుషులు చేసింది. ఇక్కడి చీకటి దేవుడు చేసింది. ఈ దీవికి ఆయన శీతాకాలమంతా రాత్రే ఇచ్చాడు, దాన్ని మనం ఇంట్లోకి రానివ్వలేదు అన్నాను. ఆమెన్ ఎవరూ అనలేదు. ఎస్తేరు బిడ్డను కొంగులో కప్పుకుంది.

"దీపం తీస్తే వేడీ పోతుంది మామా," అన్నాడు తీతు. "వేరే పొయ్యి లేదు. వంట పలక ఒక్కటే."

"ఎలుకలు ఎట్టా బతుకుతుండాయి?" అంది వదిన. "గడ్డి ఉండాది గదా. అల్లండి."

స్విచ్చి నేనే తీశాను. నా వేళ్లు దాన్ని వెంటనే వదల్లేదు. వాటికి నా విశ్వాసం కంటే జ్ఞాపకం ఎక్కువ.

నవంబరు 20

తాళ్ల గదిలో తలుపు వేసుకుని చిన్న టార్చి వెలుగులో రాస్తున్నాను. చీలికలో గుడ్డలు కుక్కాను.

మొదటి రోజుల్లో సూర్యుడి కొలతకు దీపం వేసి తీశాం. ఈ నెల మొదట్లో ఆయన పూర్తిగా సెలవు తీసుకున్నాడు. అప్పటి నుంచి మాకూ దీపం లేదు.

ఎలుకల్ని చూసి బతకడం నేర్చుకుంటున్నాం. తడికలన్నీ పీకి ఓడ మధ్యలో గడ్డితో పెద్ద గూడు అల్లాం. అందులో నలభై కుటుంబాలు వీపుకు వీపు ఆనించి పడుకుంటాం. దొడ్డికి మంచులో సొరంగం తవ్వి వేరే గది పెట్టాం. ఎవరు ఎవరో దగ్గును బట్టి తెలుస్తుంది. పిల్లలు మొదట ఏడ్చారు, తర్వాత చీకట్లో దొంగాటలు కనిపెట్టారు. పెద్దలు ఏడవడం మానలేదు.

ఒక ముసలాయన, తెప్పలో మా పక్కనే ఉన్న భూషణం, నిన్న లేచి "ఒడ్డు వచ్చిందా?" అని తలుపు తీసుకుని నడిచి వెళ్లిపోయాడు. వాకిట్లోనే దొరికాడు, గడ్డకట్టి. ఆయన కూతురు నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని నేను అడగను.

డిసెంబరు 12

వారానికోసారి అరలు తడిమి చూడటం నా పని చేసింది వదిన. "కంటితో చూస్తే నువ్వు కుష్ఠంటావు. యేలితో చూడు," అంది.

చెయ్యి పెడతాను, కరుస్తుంది. కరిచినదాన్ని పట్టుకుని ముందుపాదం తడుముతాను. పోయిన వారం దాకా నునుపే. ఈ రోజు, మూడో అరలో ఒక పిల్ల. గోరు కింద చిన్న గట్టితనం, చిగురులో పన్ను మొలిచినట్టు. మళ్లీ తడిమాను. పక్కదాన్ని తడిమాను. దానికీ ఉంది.

తోమాను ఎన్ని ప్రసంగాల్లో ఎగతాళి చేశాను. సిలువ గాయంలో వేలు పెడితే గాని నమ్మనివాడని. ప్రభువు అతన్ని తిట్టలేదు. ఇదిగో, వేలు పెట్టు అన్నాడు. నేను ఆ అర ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

"ఏంది, సడీ సప్పుడూ లేదు?" వదిన గొంతు, గూట్లోంచి. "కరిచిందా?"

"మొలిచింది."

జవాబుగా దగ్గు వచ్చింది. ఈ మధ్య ఆ దగ్గు ఆమె మాటలకంటే ఎక్కువైంది.

జనవరి 9

మధ్యాహ్నం చుక్కల కింద వదిలాం. పాటలు లేవు, ప్రసంగం లేదు. తెల్లటి మంచు మీద తెల్లటివి. వంచిన గంప ముందు అవి ఉన్నాయో లేవో కూడా కనబడలేదు. గరగరమని చప్పుడు, అంతే. మొక్కజొన్న పొత్తు ఒలిచినట్టు. తీతు వంగి మంచు మీద చెయ్యి ఆనించాడు.

"లేవు మామా. ఒక్కటీ లేదు పైన."

అప్పుడు గుర్తొచ్చింది, యోనా కూడా ఇలాగే పోయాడని. నా కళ్ల ముందే. చూపించినప్పుడు చూడలేదు నేను.

కొత్త ఈత పిల్లలు ఇంకా అరల్లో ఉన్నాయి. గోరు సగమే వచ్చింది. అవి కూడా మంచు కిందికి పోతేగాని గూళ్లకు సరిపోదు అంటుంది వదిన. దీపం అడగవద్దని ఓడలో చెప్పాను. గొణిగారు. అడగలేదు.

ఫిబ్రవరి 2

వదిన లేవలేకపోతోంది. ఊపిరితిత్తుల్లో నీరని పెట్టె చెప్పింది. మందు ఎండాకాలం ఓడలోనే వస్తుందట. చలి తగలకుండా మధ్యలో పడుకోబెట్టాం. అయినా ఒళ్లు పొగలు, పాదాలు మంచు.

ఈ రోజు తీతూ నేనూ వాగు వంపుకు వెళ్లాం. దక్షిణాన ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. సూర్యుడు ఇంకా రాలేదు, కబురు పంపాడు. మంచు మీద ఒక గుంట. నక్క తవ్వింది. మూతి పెట్టి, ముందుకాళ్లతో, లోతుగా. గుంట అంచున రక్తం, కొన్ని తెల్ల వెంట్రుకలు.

తీతు తిట్టాడు. నేను గుంటలోకి వంగి వెతికాను. గడ్డి పోచలు దొరికాయి, బంతిలా అల్లినవి, సగం చీలినవి, లోపల మెత్తటి బొచ్చు. గూడు. తవ్వుకుంది, అల్లుకుంది, తన ఒంటి వెంట్రుకలు పీక్కుని పరుపు వేసింది. ఈనడానికే వేస్తుంది అది. ఏమీ లేని చోట నక్క తవ్వదు.

గూటి పక్కన ఒక పాదం మిగిలి ఉంది. నక్క దాన్ని తినకుండా వదిలేసింది. రుమాల్లో చుట్టి తెచ్చాను.

ఓడలో మా గూట్లోకి పాక్కుంటూ వెళ్లి వదిన అరచేతిలో పెట్టాను.

"ఏందిది?"

"చూడు. వేలితో."

తడిమింది. బొటనవేలు ఆ పలుగు గోరు మీద చాలాసేపు తిరిగింది.

"అరిగుండాదే," అంది. "బాగా తవ్వినట్టుంది పాపం."

"గూడు కూడా ఉంది. బొచ్చుతో."

నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేసరికి గొంతు మారిపోయింది. నేను ఎప్పుడూ వినని గొంతు, చిన్నపిల్లది.

"జక్కయ్యా. దీపం ఒకసారి వెయ్యి. మీ అన్న మొకం గుర్తుకు రాలేదు రెండు రోజులాయె. నీ మొకంలో ఉంటాది గదా. ఒక్కసారి సూసుకుంటా."

లేచాను. ఆలోచించలేదు. గడ్డి తొలగించుకుంటూ స్విచ్చి వైపు రెండడుగులు వేశాను. అరల వైపు నుంచి గీకుడు వినబడింది. సగం గోళ్ల పిల్లలవి. నా కాళ్లు ఆగాయి. ఒక్క క్షణం వెలిగితే ఏమవుతుందో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. మార్తమ్మ కూడా తెప్పలో ఇదే అడిగింది. అప్పుడు నా దగ్గర దీపం లేదు. ఇప్పుడు దీపం ఉంది.

"ఆగినావా?" అంది వెనక నుంచి, తన మామూలు గొంతుతో.

"ఆగాను."

"మంచి పని. జొరం మాటలు పట్టించుకోబాక. వచ్చి కూర్చో."

కూర్చున్నాను. నా మొహం వంచి ఆమె చేతికి ఇచ్చాను. నుదురు, ముక్కు, దవడ తడిమింది, అరలో ఎలుకను చూసినట్టే. "అట్నే ఉండాది ముక్కు," అంది. "మీ వంశమంతా అంతే. ముక్కు మాత్రం నిండుగా ఉంటాది."

ఫిబ్రవరి 3

వదిన ఈ ఉదయం పోయింది.

చెయ్యి పట్టుకునే ఉన్నాను. చీకట్లోనే. ప్రార్థన చెయ్యలేదు, కబుర్లు చెప్పలేదు. నోరు మూసుకుని వేలితో విన్నాను. మణికట్టు దగ్గర నాడి కాసేపు తవ్వింది, ఆగింది, మళ్లీ తవ్వింది. తర్వాత ఆగింది. ఈసారి నాకు తెలిసింది.

నేల రాయిలా ఉంది, గొయ్యి తియ్యలేం. పాళెం వెలుపల, యోనాను నేను వెళ్లగొట్టిన చోట మంచులో పెట్టాం. గడ్డితో గూడు అల్లి, లోపల ఆడవాళ్లు తమ తల వెంట్రుకలు కత్తిరించి పరిచారు. ఎవరు చెప్పారో తెలియదు, నేను చెప్పలేదు. భూషణం కూతురు కూడా వచ్చి కత్తెరకు జడ వంచింది.

తిరిగి వచ్చాక తీతు స్విచ్చి దగ్గర నిలబడి అడిగాడు. "ఈ ఒక్క పూట వెయ్యనా మామా? ఆమె కోసం?"

మూడో అరలో చెయ్యి పెట్టాను. కరిచింది. పాదం తడిమాను. గోరు ఇంకా కొంచెం రావాలి.

వద్దన్నాను.